మూడో గడిలో టిక్కు

మూలకణాలపై, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలపై, పరిశోధన కోసం మానవ పిండాలను వాడటం నైతికమేనా, మతాలు దీన్ని ఎలా చూస్తాయి అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, మతపండితుణ్ణీ కాను. అయితే మా దంపతులవి రెండు పిండాలు ఒక సంతాన సాఫల్య కేంద్రంలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్నాయి. అందువల్ల మీరడిగిన ప్రశ్న 2023లో మా ఇంటికే ఒక ఫారం రూపంలో వచ్చింది.

2017 ఆగస్టులో మాకు ఐవీఎఫ్ (శరీరం బయట, ప్రయోగశాలలో పిండాన్ని తయారుచేసే చికిత్స) చేసినప్పుడు మూడు మంచి పిండాలు తయారయ్యాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మా అమ్మాయి. మిగిలిన రెండింటికీ ఏటా రుసుము కడుతూ వచ్చాము. 2021లో సంతాన సాఫల్య చికిత్సలపై చట్టం వచ్చాక, భద్రపరిచే గడువు పదేళ్లకు మించకూడదని, ఆ తరువాత వాటిని నశించనివ్వడమో, దంపతుల అంగీకారంతో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వడమో జరగాలని నిబంధన ఏర్పడింది. ఆ కారణంగానే ఆసుపత్రివారు మమ్మల్ని పిలిపించి, పూర్తిగా ఇంగ్లీషులో ఉన్న ఒక ఫారం చేతికిచ్చారు. అందులో మూడు గడులు ఉన్నాయి: ఇంకా భద్రపరచడం, నశించనివ్వడం, పరిశోధనకు ఇవ్వడం. కౌన్సెలింగ్ చేయవలసిన అమ్మాయి, "సార్, రెండో దానికి టిక్కు పెట్టేయండి, అందరూ అదే పెడతారు" అన్నది. మూడోది ఏమిటని నా భార్య అడిగితే, "అది రీసెర్చికి మేడమ్, మీకెందుకు" అని జవాబు వచ్చింది. నా భార్య ఆ కాగితాలను మడిచి సంచిలో పెట్టుకొని లేచింది.

నా భార్యది గుంటూరులో తరతరాలుగా కతోలిక కుటుంబం. ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం విని మా అత్తయ్యగారు అన్నం ముద్ద కంచంలోనే వదిలేశారు. "బిడ్డల్ని కోసి చూసుకోవడానికి ఇస్తారా బాబూ?" అని నన్ను అడిగారు. ఐదు రోజుల పిండమంటే వంద, రెండు వందల కణాల ముద్ద అని, దానికి ఇంకా నరం కూడా ఏర్పడదని నేను చెప్పబోయాను. "మా అమ్మాయి కూడా ఐదో రోజున అంతే కదా" అని ఆమె అన్నమాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది, ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఆదివారం పూజ అయ్యాక ముగ్గురం మా విచారణ (చర్చి పరిధి) గురువుగారి దగ్గరికి వెళ్లాము. మందలిస్తారనుకున్నాను. ఆయన చాలాసేపు విని, "అమ్మా, మీరు నన్ను అడగవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది" అన్నారు. శ్రీసభ (కతోలిక సంఘం) 1987లో వెలువరించిన డోనుమ్ వీటే అనే పత్రంలో అసలు ఐవీఎఫ్‌నే అంగీకరించలేదని, 2008 నాటి డిగ్నితాస్ పెర్సోనేలోనైతే ఇలా గడ్డకట్టించిన పిండాల పరిస్థితిని పరిష్కారం లేని అన్యాయంగానే వర్ణించిందని వివరించారు. పరిశోధనకు మాత్రం ఇవ్వవద్దని, 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక పిండాల అవసరం లేకుండా ఎలుక చర్మ కణాలనే మూలకణాల్లాగా మార్చి చూపించాడని, మరుసటి ఏడాది మానవ కణాలతోనూ అది సాధ్యమైందని, ఆయనకు 2012లో నోబెల్ కూడా వచ్చిందని చెప్పారు. ఒక పల్లె విచారణలో పనిచేసే గురువు ఆ వివరాలన్నీ చదివి ఉండటం నన్ను కదిలించింది. తన దగ్గర పరిష్కారం లేదని ఒప్పుకొన్న మతాన్ని నేను అంతకు ముందు చూడలేదు.

అయినా నేను ఆయనతో ఏకీభవించను. యమనక తయారుచేసిన కణాలు సరైనవో కావో తేల్చడానికి పోల్చి చూసినది పిండ మూలకణాలతోనే. ఆ మానవ పిండ మూలకణాలను 1998లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ తొలిసారి వేరు చేయగలిగింది, ఐవీఎఫ్‌లో మిగిలిపోయిన పిండాలను మాలాంటి దంపతులు కొందరు అంగీకార పత్రంపై సంతకం చేసి ఇచ్చినందువల్లనే. 2001 ఆగస్టు 9న అమెరికా అధ్యక్షుడు బుష్, అప్పటికే పిండాల నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచుతున్న కణశ్రేణులపై పరిశోధనకు మాత్రమే ప్రభుత్వ నిధులు ఇస్తామని ప్రకటించాడు. ఆ నిర్ణయం వల్ల ఫ్రీజర్లలోని ఒక్క పిండానికైనా పుట్టే అవకాశం రాలేదని నా దృఢమైన అభిప్రాయం. నశించనివ్వడం తప్పు కానప్పుడు, నశించేదాన్ని జబ్బుల అధ్యయనానికి ఇవ్వడం ఎలా తప్పవుతుంది?

ఇక మా వైపు హిందూ బంధువులు, "మన ధర్మంలో దీనికి అభ్యంతరమే లేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఇది నాకు మరింత బాధ కలిగిస్తుంది. గర్భోపనిషత్తు మొదటి రాత్రికి కలలమని (జిగురు ద్రవం), ఏడు రాత్రులకు బుద్బుదమని (బుడగ), పక్షానికి పిండమని వరుసగా చెప్పి, ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత మాత్రం శుక్రశోణితాలు (స్త్రీపురుష బీజాలు) కలిసినప్పుడే జీవుడు ప్రవేశిస్తాడంటుంది. ఇంత పెద్ద భేదం మన గ్రంథాల్లోనే ఉండగా దాన్ని చర్చించేవారు కనిపించరు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవుల పుట్టుకను మూలకణ విజ్ఞానంగా చెప్పిన మాట మాత్రం ఊరూరా తిరిగింది. నాతో పనిచేసే ముస్లిం మిత్రుడు నూట ఇరవై రోజులకు పిండంలో ఆత్మ ఊదబడుతుందన్న హదీసును (ప్రవక్త మాటను) చెప్పాడు. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో నలభై రోజుల వరకు పిండం నీటితో సమానమన్న మాట ఉంది. ప్రయోగశాలల్లో పిండాన్ని పెంచడానికి చాలా దేశాలు పాటించే హద్దు పద్నాలుగు రోజులు.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఐదు రోజుల పిండం గురించి ఇంత వేదన పడే మతపెద్దలలో ఒక్కరైనా, మూలకణాల పేరిట జరిగే వ్యాపారం గురించి ప్రసంగించగా నేను వినలేదు. మా పెద్దనాన్నగారి మనవడికి ఆటిజం ఉంది. వాడి తండ్రి పొలం అమ్మి ఒక ఆసుపత్రిలో నాలుగున్నర లక్షలు పోసి మూలకణాల ఇంజెక్షన్లు చేయించాడు. పిల్లవాడిలో మార్పేమీ రాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఎముక మజ్జ మార్పిడి వంటి ఆమోదిత రక్త చికిత్సలు తప్పితే, మిగిలినవన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ (మనుషులపై చేసే ప్రయోగ పరీక్ష)లోనే జరగాలి. ఆ తండ్రి చేత సంతకం పెట్టించిన కాగితంలో ఆ ముక్క లేదు. అది కూడా ఇంగ్లీషులోనే ఉంది. సంతకం పెట్టేవారికి అర్థమయ్యేలా చెప్పకపోవడమే ఈ రంగంలోని అతి పెద్ద అనైతికత అని నేను నమ్ముతున్నాను.

మూడు వారాల తరువాత నా భార్య తనంతట తానే మూడో గడిలో టిక్కు పెట్టింది. నేనూ సంతకం చేశాను. ఫారం తీసుకెళ్లి ఇస్తే కౌంటరులో ఉన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్లి వచ్చి, అలా తీసుకునే పరిశోధన సంస్థతో తమకు ఒప్పందమేదీ లేదని చెప్పాడు. మరి ఆ గడి ఎందుకు అచ్చువేశారని నా భార్య అడిగితే, చట్టంలో ఉంది కాబట్టి వేశామన్నాడు. మీరు గానీ మీకు తెలిసినవారు గానీ ఇలాంటి ఫారం అందుకుంటే, సంతకానికి ముందే ఆ సంస్థ పేరు కాగితం మీద రాసిమ్మని అడగండి.

అప్పటికి మేము మొదటి గడికే టిక్కు మార్చి ఆ ఏటి రుసుము కట్టి వచ్చాము. 2027 ఆగస్టుకు పదేళ్లు నిండుతాయి. అప్పటిలోగా తీసుకునే సంస్థ దొరకకపోతే వాటిని నశించనివ్వడం తప్ప దారి లేదని మా అత్తయ్యగారికి మేమింకా చెప్పలేదు.