చిన్న ఊళ్ళో క్వార్టెట్ కచేరీలు పెట్టే ముందు

అమ్మలూ,

నెబ్రాస్కాలో మీ చిన్న ఊళ్ళో క్వార్టెట్ కచేరీలు, అదే నలుగురు కలిసి వయొలిన్, సెల్లో లాంటి తీగవాద్యాలు వాయించేవి, మొదలుపెడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషమేసిందో. ఒక్కటే గట్టిగా చెప్తా, వాయించేవాళ్ళని ఒక్క సాయంత్రానికి పిలిచి పంపించెయ్యకు, కనీసం నాలుగు రోజులు ఊళ్ళో ఉంచు.

మా అయోవాలో జరిగిందే చూడు. 1992లో ఎన్ఈఏ, అంటే కళలకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్ళు, పల్లెల్లో ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం) కోసం గ్రాంట్ ఇస్తే, యింగ్ క్వార్టెట్ అని ఒకే తల్లి పిల్లలు నలుగురు జెసప్‌లో కాపురమే పెట్టేశారు, అది రెండు వేల చిల్లర జనం ఉన్న రైతుల ఊరు. స్కూళ్ళల్లో, చర్చిల్లో, ఇళ్ళల్లో, ఆఖరికి బ్యాంకులో కూడా వాయించారు. జనం హాలుకి వస్తారా రారా అని కూర్చోకుండా జనం ఉన్నచోటికే వీళ్ళు వెళ్ళారు, నాకు నచ్చింది అదే. నువ్వూ ముందు స్కూల్లో, ఓల్డేజ్ హోంలో వాయించనీ, హాల్లో కచేరీ చివరి రోజు పెట్టు, పిల్లలే అమ్మానాన్నల్ని లాక్కొస్తారు.

ఏం వాయించాలి అంటావా, చెక్ దేశపు సంగీతకర్త డ్వోర్షాక్ రాసిన అమెరికన్ క్వార్టెట్ తప్పకుండా పెట్టు. 1893 జూన్‌లో ఆయన మా అయోవాలోనే స్పిల్‌విల్ అనే చెక్ వాళ్ళ పల్లెలో రాశాడది, మూడు రోజుల్లో చిత్తుప్రతి అయిపోయింది. మొదట వాయించి చూసింది కూడా పెద్ద కళాకారులతో కాదు, ఆ ఊరి స్కూల్ మాస్టారు, ఆయన కొడుకు, కూతురు, ఫస్ట్ వయొలిన్ మాత్రం డ్వోర్షాకే. మూడో భాగంలో అక్కడ విన్న పిట్ట కూత ఉంటుంది, మొదలుపెట్టే ముందు ఆ ముక్క ఒక్కటీ విడిగా వాయించి చూపించమను, తర్వాత అది వచ్చినప్పుడు హాల్లో మొహాలు చూడు!

వేదిక వద్దు, కుర్చీలు వాళ్ళ చుట్టూ అర్ధచంద్రంలా వేయించు, సెల్లో ఆయన ఊపిరి కూడా వినపడాలి. టికెట్ పెట్టకు, గుమ్మం దగ్గర డబ్బా చాలు, తర్వాత పాట్‌లక్, అదే తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే భోజనం, పెడితే ఎవరూ తొందరగా వెళ్ళరు.

మొక్కజొన్న, సోయా నాట్లప్పుడు, కోతలప్పుడు అస్సలు పెట్టకు, అంటే ఏప్రిల్ మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వదిలెయ్. ఫిబ్రవరి మంచిది గానీ మంచు పడితే ఇంకో డేట్ రెడీగా ఉంచుకో. హాల్లో హీటర్ పొద్దున్నే వేయించు, అప్పటికప్పుడు వేస్తే తీగలు శ్రుతి నిలవవు.

డేట్ అనుకోగానే ఫోన్ చెయ్యి, పెద్దమ్మా నేనూ ముందురోజే వచ్చి కుర్చీలు వేస్తాం.

మీ పెదనాన్న