చీకటే లేని థ్రిల్లర్ కావాలంటే ‘ఇన్సోమ్నియా’ చూడండి

అడవుల్లో, మారుమూల చోట్ల జరిగే సైకలాజికల్ థ్రిల్లర్‌కి చీకటి, దెయ్యం లేకపోతే భయం పుడుతుందా అని అడిగారు. బ్రహ్మాండంగా పుడుతుంది. చీకటిని నమ్ముకున్న సినిమా పెట్టేది సగం భయమే.

క్రిస్టఫర్ నోలన్ 2002లో తీసిన ‘ఇన్సోమ్నియా’ (అంటే నిద్రపట్టని జబ్బు) చూడండి. అదే పేరుతో 1997లో వచ్చిన నార్వే సినిమాకి అది రీమేక్. హంతకుణ్ణి పట్టుకోవడానికి అలాస్కాలో ఓ మారుమూల ఊరికొచ్చిన పోలీసు అల్ పచీనో, పొగమంచులో తోటి ఆఫీసర్నే కాల్చేస్తాడు. కథ జరిగే వేసవి రోజుల్లో అక్కడ రాత్రి కూడా పొద్దు గుంకదు. ఆయన కిటికీకి సామానంతా అడ్డం పెట్టి, ఇంకా వెలుతురే అని గింజుకుంటుంటే, లాడ్జి ఆవిడ వచ్చి గది చీకటిగానే ఉందంటుంది!

ఆ సీను నాకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ డ్యూటీ చేశాను. సీజన్‌లో రాత్రంతా లారీలు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క. పొద్దున ఇంటికొచ్చి పడుకోవాలి. ఏప్రిల్ ఎండ. కిటికీకి అట్టలు కొట్టి, పైన దుప్పటి కట్టినా సన్నటి సందు మిగిలేది. అందులోంచి వెలుతురు గీత గోడ మీద పడి, మెల్లగా జరిగి మొహమ్మీదికొచ్చేది. కళ్ళు మూసినా రెప్పల లోపల ఎర్రగానే ఉండేది. దానికి తోడు వీధిలో మైకులు. పెళ్ళైనా చావైనా మైకు మోగాల్సిందే. రాత్రి పనిచేసి పగలు పడుకునేవాళ్ళు ఉంటారన్న ఆలోచనే ఎవరికీ ఉండదు.

అలా నిద్ర కరువై ఉండగా ఒక రాత్రి లోడింగ్ దగ్గర వెనకనుంచి ‘అన్నా’ అన్న పిలుపు స్పష్టంగా వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ముఠా కూలీలంతా అవతల టీ తాగుతున్నారు. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఒళ్ళు చల్లబడిపోయింది. ఏ దెయ్యం సినిమా నన్ను అంత భయపెట్టలేదు.

మనవాళ్ళేమో థ్రిల్లర్ అనగానే రాత్రిపూట అడవిలో పొగ వదిలి, గజ్జెల చప్పుడు వేస్తారు. మధ్యలో కమెడియన్, ఓ పాట. మనిషి బుర్ర లోపల జరిగేదానికి పొగెందుకు? పక్కనే నల్లమల ఉంది. మే నెలలో దోర్నాల దాటి చూడండి, ఆకు రాలిన టేకుచెట్ల కింద మధ్యాహ్నం తలదాచుకునే నీడ దొరకదు. అక్కడ నిద్రలేని మనిషిని ఒకణ్ణి పెట్టి, పాటల్లేకుండా ఎవరైనా తీస్తే విజయవాడ వెళ్ళి మరీ మొదటి ఆట చూస్తాను.

ఈలోపు రెండు ‘ఇన్సోమ్నియా’లూ చూడండి. నార్వేది ముందు, అందులో పోలీసు మీద జాలి పడే వీలు కూడా ఇవ్వడు దర్శకుడు.