జాకెట్టు కొలత 38 అయితే బ్రా సైజు కూడా 38 కావాలని లేదు

ప్రశ్న: నా వయసు 43. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా 38బి సైజు బ్రా వాడుతున్నాను. సాయంత్రానికి భుజాల మీద గాట్లు పడుతున్నాయి, మెడ లాగేస్తోంది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే వెనక పట్టీ పైకి ఎక్కిపోతుంది. ఎండలు మొదలైతే చాలు, రొమ్ముల కింద ఒరుసుకుపోయి ఎర్రబడి దురద పెడుతుంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. టేపుతో కొలిస్తే రొమ్ముల కింద 79 సెంటీమీటర్లు, రొమ్ముల మీదుగా 98 సెంటీమీటర్లు వచ్చింది. షాపులో 40 తీసుకోమంటున్నారు. బిగుతు బ్రా వల్ల కేన్సర్ వస్తుందని వాట్సాప్‌లో చూసి భయంగా కూడా ఉంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: 40 వద్దు. మీరు రాసిన కొలతలు సరిగ్గా తీసినవైతే ముందుగా వేసుకుని చూడాల్సింది 36డి. అంటే రొమ్ముల కింద ఒంటి చుట్టూ తిరిగే పట్టీ తగ్గాలి, కప్పు పెరగాలి. భుజాల గాట్లు, వెనక పట్టీ పైకెక్కడం, చాలావరకు ఆ మెడ లాగడం కూడా ఈ కింది పట్టీ వదులుగా ఉండటం వల్లే.

ఈ 38 ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఆడవాళ్లకు కంఠతా వచ్చిన కొలత ఆది జాకెట్టుది. టైలరు ఛాతీ మీదుగా టేపు వేసి 38 అని రాసుకుంటాడు. బ్రా కొనేటప్పుడు కౌంటరు దగ్గర ‘సైజెంతమ్మా?’ అనగానే అదే అంకె నోటికొస్తుంది. మీ 98 సెంటీమీటర్లు కూడా అంగుళాల్లో 38న్నరే. కానీ బ్రా మీది అంకె ఛాతీ కొలత కాదు. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ తిరిగే పట్టీ సైజు అది. రొమ్ము పరిమాణం చెప్పేది దాని పక్కనున్న అక్షరం. అంకె జాకెట్టు నుంచి తెచ్చుకుని అక్షరం షాపువాళ్లకు వదిలేస్తే పట్టీ వదులు, కప్పు ఇరుకు అవుతాయి.

‘నా కింది కొలత 79, అంటే 31 అంగుళాలే, మరి 36 ఎలా సరిపోతుంది?’ అని మీకు అనుమానం రావచ్చు. కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలిపి సైజు పెట్టే పాత అలవాటు లేబుళ్ల మీద అలాగే ఉండిపోయింది. అందుకే అంగుళాలు వదిలేసి సెంటీమీటర్లలో చూసుకోవడం మేలు. కింది కొలత 68 నుంచి 72 ఉంటే 32, 73 నుంచి 77 అయితే 34, 78 నుంచి 82 అయితే 36, 83 నుంచి 87 అయితే 38, 88 నుంచి 92 అయితే 40. కొన్ని కంపెనీలు 36డి పక్కనే 80డి అని కూడా ముద్రిస్తాయి. ఆ 80 నేరుగా ఒంటి కొలతే, దాన్ని నమ్మొచ్చు.

ఇక కప్పు. పై కొలతలోంచి కింది కొలత తీసేయండి. తేడా 12 నుంచి 14 సెంటీమీటర్లయితే ఎ, 14 నుంచి 16 బి, 16 నుంచి 18 సి, 18 నుంచి 20 డి. ఆపైన ఒక కంపెనీ డీడీ అంటే ఇంకో కంపెనీ ఇ అంటుంది. మీ తేడా 19, కాబట్టి డి. ‘డి’ అనగానే కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు, అవసరం లేదు. అక్షరం ఒక్కదానికే అర్థం లేదు, అది పట్టీతో కలిసి మారుతుంది. 32డి కప్పు 36డి కప్పు కంటే బాగా చిన్నది. మీరిప్పుడు వాడుతున్న 38బి కప్పులో పట్టేంతే 36సి కప్పులోనూ పడుతుంది. అంటే ఇన్నాళ్లూ మీ కప్పు ఒక సైజు తక్కువ, పట్టీ ఒక సైజు ఎక్కువ. కప్పులోంచి రొమ్ము పైకి పొంగడం చూసి షాపువాళ్లు 40 అంటున్నారు. 40బి తీసుకుంటే కప్పు కొంచెం పెరిగే మాట నిజమే కానీ పట్టీ ఇంకో 5 సెంటీమీటర్లు వదులవుతుంది.

పట్టీ ఎందుకింత ముఖ్యమంటే, రొమ్ముల బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది అదే. భుజం పట్టీల పని కప్పు ఒంటికి అంటి ఉండేలా పట్టుకోవడమే. కింది పట్టీ వదులైతే తక్కెడలా ముందువైపు కిందికి దిగి వెనకవైపు పైకి లేస్తుంది. అప్పుడు మనం భుజం పట్టీలు బిగిస్తాం. బిగించిన కొద్దీ వెనక పట్టీ ఇంకా పైకి పోతుంది, బరువంతా భుజాల మీద రెండు సన్నటి గీతల మీదికి వస్తుంది. గాట్లు అక్కడే పడతాయి.

కొనేముందు మరోసారి కొలవండి. ప్యాడ్ లేని పలచటి బ్రా మీద కొలిస్తే చాలు, జాకెట్టు మీద వద్దు. అద్దం ముందు నిలబడి, ఊపిరి పూర్తిగా వదిలి, రొమ్ముల కింది మడత దగ్గర టేపు బిగువుగా చుట్టండి. వీపు వైపు టేపు జారిపోతుంటుంది, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనండి. పై కొలత మాత్రం బిగించకూడదు. నడుం దగ్గర కొంచెం ముందుకు వంగి, రొమ్ములు కిందికి వేలాడుతున్నప్పుడు ముచ్చికల మీదుగా టేపు తగిలీ తగలనట్టు తీయాలి. మీ వయసులో, కాన్పులైన వాళ్లలో నిటారుగా నిలబడి తీస్తే ఈ కొలత తక్కువ వస్తుంది. నెలసరికి ముందు వారం రొమ్ములు నీరు పట్టి బరువెక్కుతాయి, కాబట్టి నెలసరి అయ్యాక నాలుగైదు రోజులాగి కొలవండి.

టేపు చెప్పేది ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే. అసలు పరీక్ష ఒంటి మీదే. కొత్త బ్రాకు వెనక మూడు వరసల హుక్కులుంటే బయటి వరసలో, అంటే అన్నిటికన్నా వదులు వరసలో పెట్టినప్పుడే బిగువుగా ఉండాలి. లోపలి వరసలు ఎలాస్టిక్ సాగాక వాడుకోవడానికి. కొత్తదే లోపలి చివరి వరసలో పెట్టాల్సి వస్తే పట్టీ పెద్దదన్నమాట. హుక్కులు పెట్టాక ముందుకు వంగి, చంక వైపు ఉన్న కండను అరచేత్తో లోపలికి తీసుకుని కప్పులో సర్దుకోండి. చాలామంది ఈ పని చేయరు. చేస్తే సరిపోయిందనుకున్న కప్పు ఇరుకని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత పక్కకు తిరిగి అద్దంలో చూడండి. పట్టీ ముందూ వెనకా ఒకే మట్టంలో ఉండాలి. వీపు దగ్గర పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి పట్టేంత సాగితే వదులు. వైరు ఉన్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య భాగం రొమ్ము ఎముకకు ఆనాలి, వైరు చివర రొమ్ము మీద కాకుండా దాని పక్కన ఎముక మీద ఆగాలి. వైరు పొడుచుకుంటుంటే తప్పు వైరుది కాకపోవచ్చు, కప్పు చిన్నదై ఉండొచ్చు. కప్పు అంచు కోసినట్టు పైన కండ పొంగితే అక్షరం పెంచండి, కప్పు ముడతలు పడితే తగ్గించండి. ఒక రొమ్ము కాస్త పెద్దగా ఉండటం మామూలే. పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకుని, రెండో వైపు భుజం పట్టీ కొంచెం బిగించండి.

36డిలో కప్పు సరిపోయి పట్టీ మాత్రం ఊపిరాడనివ్వకపోతే 38సి చూడండి, రెండిట్లోనూ కప్పు ఒకటే. చివరగా బోర్డు మీద రాసినట్టు చెయ్యెత్తండి. పట్టీ కదలకపోతే అదే మీ సైజు.

బ్రాడీపేటలోనైనా, బెజవాడ బీసెంట్ రోడ్డులోనైనా చిన్న షాపుల్లో ట్రయల్ రూము దొరకడం అరుదు. అలాంటప్పుడు ఒక్కటే కొని, లేబుల్ తీయకుండా ఇంట్లో పలచటి బనీను మీద వేసుకుని చూసి, కుదరకపోతే మార్చుకోవచ్చా అని డబ్బులిచ్చే ముందే అడగండి. మొహమాటపడి మూడు ఒకేసారి కొనేస్తే తప్పు సైజే ఏడాదంతా వాడాల్సి వస్తుంది. సైజు ఖాయమయ్యాక మూడు ఉంచుకుని మార్చి మార్చి వాడండి. మీకు సన్న భుజం పట్టీలు వద్దు, వెడల్పాటివి తీసుకోండి. మన ఎండలకు మందపాటి ఫోమ్ కప్పు కంటే కొద్దిగా సాగే కాటన్ నయం. అసలు సాగని కాటన్ పట్టీ కూర్చున్నప్పుడు నొక్కేస్తుంది. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తే ఎలాస్టిక్ త్వరగా చచ్చిపోతుంది. పిండకుండా నీడన ఆరేయండి.

ఇక దురద. రొమ్ము కింది మడతలో చర్మం చర్మానికి ఒరుసుకుని, చెమట ఆరక, పైన ఫంగస్ చేరడం వల్ల వస్తుంది. మన మే నెల ఉక్కపోతలో ఇది చాలామందికి ఉండేదే. సరైన కప్పు రొమ్మును పైకెత్తి ఉంచితే ఆ మడతకు గాలి తగిలి సగం బాధ తగ్గుతుంది. స్నానం తర్వాత మడతలో రుద్దకుండా అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే బ్రా వేసుకోండి. చెమటకు తడిస్తే మధ్యాహ్నం మార్చుకోండి. పౌడరు దట్టిస్తే చెమటతో కలిసి ఉండకడుతుంది, వద్దు. క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీము రోజుకు రెండుసార్లు పల్చగా రాయండి. దురద తగ్గగానే ఆపకుండా రెండు నుంచి నాలుగు వారాలు రాయాలి. మీరు వాడిన ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ఎరుపును వెంటనే అణిచేస్తాయి, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. రాస్తే తగ్గి మానితే తిరగబెట్టడానికి కారణం చాలాసార్లు ఇదే. ఇలా పదే పదే వస్తోంది కాబట్టి ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

బ్రాకూ కేన్సర్‌కూ సంబంధం లేదు. అమెరికాలో సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేన్సర్ పరిశోధన కేంద్రం 55 నుంచి 74 ఏళ్ల మహిళల మీద జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, ఏ వయసులో మొదలుపెట్టారు, వైరు ఉందా లేదా అని అన్నీ అడిగి చూసినా ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. మీరు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. నొప్పి లేని గడ్డ, చర్మం సొట్ట పడటం, ముచ్చిక లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం రావడం, ముచ్చిక మీద మానని పొక్కు, చంకలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బ్రా మార్చి చూద్దామని ఆగకండి, సర్జన్‌కు చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)కి వెళ్లినా సరిపోతుంది. ఏమీ లేకపోయినా 30 దాటిన మహిళలకు ప్రభుత్వ స్క్రీనింగ్‌లో రొమ్ము పరీక్ష ఉంటుంది. మీకు 43, ఇప్పటిదాకా చేయించుకోకపోతే చేయించుకోండి.

కొత్త సైజు బ్రా వేసిన మొదటి నాలుగైదు రోజులు పక్కటెముకల దగ్గర బిగుతు తెలుస్తుంది. వదులు పట్టీకి అలవాటు పడ్డ ఒంటికి అది మామూలే. ఊపిరి పూర్తిగా తీసుకోగలుగుతున్నంత వరకు ఫర్వాలేదు. భుజాల గాట్లు రెండు మూడు వారాల్లో తగ్గాలి. నెల దాటినా మెడ నొప్పి అలాగే ఉన్నా, చిటికెన వేలి వైపు తిమ్మిర్లు వస్తున్నా ఎముకల డాక్టరుకు చూపించి మెడ పరీక్ష చేయించుకోండి.