లాబ్రడార్ ధర 18 వేలు... మరి ఆ తర్వాత?

ప్రశ్న: విజయవాడలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. మావారి జీతం చేతికి 48,000 వస్తుంది. నేను సాయంత్రాలు ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెప్తాను, నెలకు 15,000 దాకా వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 17,500, ఇంటి ఖర్చు 22,000, పాప స్కూలు 5,500, పెట్రోలు, మందులు, ఫోన్లు కలిపి 6,000. పాపకు మూడేళ్లప్పుడు తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు 3,000, ఒక ఆర్‌డీలో 4,000 కడుతున్నాం. ఎఫ్‌డీ 90,000 ఉంది. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. కుక్కపిల్ల కావాలని రెండేళ్లుగా ఒకటే గొడవ. ఆన్‌లైన్‌లో లాబ్రడార్ పిల్ల 18,000కు ఉంది. మావారి ఫ్రెండ్ హస్కీని 25,000కు ఇప్పిస్తానంటున్నారు. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టి కొని, ఏడాదిపాటు సుకన్యకు కట్టడం ఆపేస్తే సర్దుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుక్కను తెచ్చుకోవచ్చు. సుకన్య మాత్రం ఆపకండి, కార్డు జోలికి వెళ్లకండి. ఇప్పటికిప్పుడు కూడా వద్దు, ఓ ఆరు నెలలు ఆగండి. హస్కీ అయితే అసలే వద్దు.

సుకన్యతో మొదలుపెడదాం. ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది కాబట్టి ఆపితే ఏం పోతుందిలే అనిపిస్తుంది. పోయేదేమిటో లెక్క వేస్తే తెలుస్తుంది. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మెచ్యూర్ అవుతుంది. మీకు ఆరేళ్లు గడిచాయి, ఇంకా 15 ఏళ్లుంది. ఒక ఏడాది కట్టకుండా వదిలేసే 36,000, ఇప్పటి 8.2 శాతం వడ్డీయే చివరిదాకా ఉంటుందనుకుంటే, అప్పటికి లక్షా పదిహేడు వేలకు పైగా అవుతుంది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. ఏదేమైనా, పాప కోసం తెచ్చే కుక్కకు పాప డబ్బే వాడటం నాకు నచ్చలేదు.

ఇక కార్డు. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి కుక్కపిల్లల్ని అమ్మేవాళ్లు కార్డు గీయరు, ఫోన్‌పే చేయమంటారు. కార్డు నుంచి ఆ డబ్బు బయటికి తీయాలంటే ఏదో ఒక రూపంలో చార్జీ పడుతుంది. ఒక్క నెల పూర్తి బిల్లు కట్టలేకపోతే మిగిలిన దాని మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తుంది. వద్దు.

అసలు విషయానికొస్తే, మీరు రాసిన 18,000 ఈ మొత్తంలో చిన్న ముక్క. అంకెలన్నీ కలిపి చూశాను. మీకు నెలకు వచ్చేది 63,000, పోయేది 58,000, మిగిలేది 5,000. లాబ్రడార్ పెద్దదైతే దాదాపు 30 కిలోలు తూగుతుంది. రోజుకు 300 గ్రాములకు పైగా పొడి ఆహారం తింటుంది. ఓ మాదిరి రకం తెచ్చినా, మధ్యమధ్యలో గుడ్డు, పెరుగన్నం కలిపినా, నెలకు 3,500 వేసుకోండి. పిడుదుల మందు, నట్టల మందు, షాంపూ కలిపి సగటున 600. ఏటా వేయించే టీకాలు, డాక్టర్ ఫీజు 2,500. పండక్కో పెళ్లికో ఊరెళ్తే కుక్కను ఎక్కడైనా ఉంచడానికి ఏడాదికి ఎనిమిది రోజులకు 4,000. మొత్తం ఏడాదికి 55,700, అంటే నెలకు సుమారు 4,650. మీ 5,000లో మిగిలేది 350 రూపాయలు. మొదటి ఏడాది దీనికి కొన్న ధర, పిల్లకు వేయించే అదనపు టీకాలు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్, గిన్నెలు, బెల్టు, పరుపు కూడా తోడై 88,000 దాటుతుంది. ఇవి నేను వేసుకున్న అంచనాలు. మీ పేటలోని డాక్టర్‌ను, షాపును అడిగి మీ అంకెలు పెట్టుకోండి. లాబ్రడార్ పదకొండు, పన్నెండేళ్లు బతుకుతుంది. ధరలు పెరగకపోయినా ఆరు లక్షల పైమాట.

అదే మన నాటు కుక్కపిల్ల అయితే? కొనే ఖర్చు లేదు. 18, 20 కిలోల దగ్గర ఆగుతుంది. తిండికి నెలకు 1,800, మందులూ షాంపూకు 400 చాలు. టీకాలు, ఊరెళ్లినప్పటి ఖర్చు అంతే వేసుకున్నా నెలకు 2,750 లోపే. మిగులులో ఇంకా 2,250 చేతిలో ఉంటుంది. నన్నడిగితే మీ ఇంటికి ఇదే సరిపోతుంది. ఇంట్లో చుట్టాలు 'వీధి కుక్కనా తెచ్చారు?' అని ఒకటి రెండుసార్లు అంటారు, తర్వాత వాళ్లే దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. నాటు కుక్కయినా టీకాలు, నట్టల మందు, శిక్షణ అన్నీ ఒకటే. ఏ రోగమూ రాదని వదిలేయకూడదు.

హస్కీ సైబీరియా చలిలో బండ్లు లాగడానికి పెంచిన జాతి. రెండు పొరల బొచ్చు. మే నెల బెజవాడలో దానికి రోజంతా ఏసీ గది కావాలి. పది గంటలు ఏసీ నడిస్తే రోజుకు పది యూనిట్లు, కరెంటు బిల్లు మీద పై శ్లాబు. పాతిక వేలకు ఇప్పిస్తానన్న ఫ్రెండ్ కరెంటు బిల్లు కట్టరు కదా.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసింది ఖర్చు కాదు, ఆదాయం. ఆ 15,000 ట్యూషన్ డబ్బు. సాయంత్రం ఇంటికి పిల్లలు వస్తారు, చెప్పులు విడుస్తారు, అరుస్తారు, పరుగెడతారు. కుక్కపిల్లకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు కనిపించినదల్లా కొరుకుతుంది. ఆటగా ఒకళ్ల చేతిమీద పన్ను గీరుకుంటే ఆ తల్లిదండ్రులు రేబిస్ టీకాల కోసం పరుగెత్తాలి. మరుసటి వారం నలుగురు పిల్లలు మానేస్తే? కుక్క వల్ల ఎవరికైనా ప్రమాదం జరగకుండా యజమాని జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా పడొచ్చు. కేసు దాకా ఎవరూ వెళ్లకపోవచ్చు గానీ, మీ ఆదాయంలో నాలుగో వంతు ఆ పిల్లల రాకపోకల మీదే ఉంది. అందుకని ట్యూషన్ టైములో కుక్క వేరే గదిలో ఉండటం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది, నెమ్మదిగా గంట. లోపల నమలడానికి ఏదైనా ఇవ్వండి. ఏడుస్తున్నప్పుడు తలుపు తీయకండి, ఏడుపు ఆపిన క్షణంలో తీయండి. లేదంటే ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది.

మరో మాట. అత్తయ్యగారు ఏమన్నారో మీరు రాయలేదు. మీవారు ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్లాక, మీరు బజారుకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉండేది ఆవిడే. పూజ గది, మడి, ఆచారం ఉన్న ఇల్లయితే ఆవిడ ఒప్పుకోకుండా కుక్కను తేవద్దు. ఏడో నెలలో ఎవరికో ఇచ్చేసే కుక్కల్లో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇంత చెప్పినా లాబ్రడారే అంటారా? అయితే కొనేచోట జాగ్రత్త. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తల్లి కుక్కను చూపించమనండి. 'తల్లి వేరే ఊళ్లో ఉంది' అంటే అక్కడితో లేచి వచ్చేయండి. టీకా కార్డు చేతికి తీసుకుని చూడండి. అందులో మందు సీసా మీద ఉండే చిన్న స్టిక్కరు, బ్యాచ్ నంబరుతో సహా, అంటించి ఉండాలి, పక్కన డాక్టర్ సంతకం, స్టాంపు ఉండాలి. పెన్నుతో 'వ్యాక్సిన్ డన్' అని రాసి ఉంటే టీకా పడనట్టే లెక్క. పిల్ల పొట్ట మాత్రం ఉబ్బి, ఒళ్లు బక్కగా ఉంటే నట్టలున్నాయని అర్థం. కెన్నెల్ క్లబ్ కాగితాలు జాతికి సాక్ష్యం, ఆరోగ్యానికి కాదు. లాబ్రడార్లకు తుంటి కీళ్ల సమస్య వంశపారంపర్యంగా వస్తుంది, నున్నటి టైల్స్ మీద జారుతూ పెరిగితే అది ఎక్కువవుతుంది. ట్రాన్స్‌ఫర్ అయింది, పిల్లను ఉచితంగా ఇస్తాం, రవాణాకు మాత్రం అడ్వాన్సు పంపండి అనేవాళ్లు పక్కా మోసగాళ్లు. పొరపాటున పంపితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖర్చు తగ్గించుకునే చోట్లూ ఉన్నాయి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రికి కుక్కల్ని తీసుకెళ్లొచ్చు. ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చుకు ముందు అక్కడ అడగండి. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులపై అవగాహన దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. టీకాల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తర్వాత మూడు, నాలుగు వారాల తేడాతో 16 వారాలు నిండేదాకా మిగతావి, మూడు నెలలకు రేబిస్ టీకా. ఇవి పూర్తికాకముందే పిల్లను రోడ్డు మీద దింపితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకే ప్రమాదం ఉంది. పార్వో వచ్చి నాలుగైదు రోజులు సెలైన్లు ఎక్కించాల్సి వస్తే పది, పదిహేను వేలు సులువుగా అయిపోతాయి. డబ్బు పెట్టినా పిల్ల దక్కుతుందన్న నమ్మకం లేదు.

శిక్షణకు నెలకు వేలల్లో తీసుకునే ట్రైనర్లున్నారు. పిల్లను చిన్నప్పుడే తెచ్చుకుంటే మీకు ఆ ఖర్చు అక్కర్లేదు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట అయ్యాక, ఈ మూడు సందర్భాల్లో ఒకటికీ రెంటికీ ఒకే చోటుకు తీసుకెళ్లండి. పని కానిచ్చిన మరుక్షణం దాని భోజనంలోంచే రెండు గింజలు చేతిలో పెట్టండి. ఇంట్లోకొచ్చాక ఇస్తే ఎందుకిచ్చారో దానికి తెలియదు. ఇంట్లో తడిపితే ముక్కు రుద్దడం, కొట్టడం వద్దు, చాటుగా పోయడం నేర్చుకుంటుంది అంతే. పళ్లు వచ్చే రోజుల్లో తడిగుడ్డను మెలితిప్పి ఫ్రీజర్‌లో గట్టిపరిచి ఇవ్వండి, దగ్గరుండి నమలనివ్వండి. చార్జర్ వైర్లు, బూట్లు పైకెత్తి పెట్టండి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు అసలు పెట్టకూడదని పాపకు ముందే చెప్పండి. ఈ నాలుగింటిలో ఏది తిన్నా మళ్లీ ఆసుపత్రి బిల్లే.

ఇప్పుడు ఆరు నెలలు ఎందుకు ఆగమన్నానంటే, కుక్క రాకముందే కుక్క ఖర్చు మొదలుపెట్టమని. వేరే సేవింగ్స్ ఖాతాలో ప్రతి నెలా జీతం పడిన రోజే 4,500 వేయండి. ఎఫ్‌డీని, సుకన్యను, ఆర్‌డీని కదపకుండా ఆరు నెలలు వేయగలిగితే 27,000 పోగవుతుంది. నాటు కుక్క అయితే మొదటి టీకాలు, సామాన్లు, ఆపరేషన్ కలిపి 17,000. అవి పోగా 10,000 కుక్క జబ్బు పడితే వాడే నిధిగా అలాగే ఉంచండి. లాబ్రడార్ అయితే ఆ 27,000లో 18,000 కొనడానికే పోతుంది, మిగిలిన 9,000 టీకాలకు, ఆపరేషన్‌కు చాలక అప్పు మొదలవుతుంది. మధ్యలో ఏ నెలైనా ఆ 4,500 వేయలేకపోయారంటే ఎందుకో రాసిపెట్టుకోండి. స్కూలు పుస్తకాలకో, అత్తయ్యగారి మందులకో అయితే కుక్క వచ్చాక కూడా అవి వస్తాయి. పొద్దున్నే 5:30కు లేచి నడిపించేదెవరో కూడా ఈ ఆరు నెలల్లోనే తేల్చుకోండి. మావారు లేస్తానన్నారు అని చెప్పకండి, లేచి చూపించమనండి.

మీ ఎఫ్‌డీ 90,000 నెలన్నర ఖర్చుకే సరిపోతుంది. ఉద్యోగం పోతే వాడుకునే డబ్బది, కుక్క కోసం తీయకండి. ఆర్‌డీ మెచ్యూర్ అయినప్పుడు ఆ మొత్తాన్ని కూడా ఎఫ్‌డీలోనే కలపండి.

కుక్కలకు బీమా పాలసీలున్నాయి. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ లాంటి మామూలు ఖర్చులు సాధారణంగా వాటిలో రావు, చేరడానికి వయసు పరిమితి ఉంటుంది, టీకా కార్డు సరిగ్గా లేకపోతే క్లెయిము ఇబ్బందే. నాటు కుక్కకు నేను బీమా చెప్పను, ఆ ప్రీమియం కూడా జబ్బు నిధిలోనే వేసుకోండి. లాబ్రడార్ తెస్తే మాత్రం మీ ట్యూషన్ సంగతి దృష్టిలో పెట్టుకుని, కుక్క ఇతరులకు చేసిన గాయానికి పరిహారం కూడా ఇచ్చే పాలసీ ఉందేమో అడగండి.