కంపెనీ చేతులు మారింది, మా అబ్బాయి పైలట్ ఉద్యోగం ఎవరి దగ్గరున్నట్టు?

సందేహం: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఒక చిన్న విమాన సంస్థలో ఏటీఆర్ విమానానికి కో-పైలట్. చేరి నాలుగేళ్ల రెండు నెలలైంది. చేరేటప్పుడు అయిదేళ్ల బాండు రాయించుకున్నారు, 25 లక్షలకు. దానికి నేను ష్యూరిటీ సంతకం పెట్టి, రెండు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. ఈమధ్య పాత యజమానులు సంస్థను వేరే గ్రూపుకి అమ్మేశారు. విమానాలకు రంగు మార్చి, ఒక పెద్ద ఎయిర్‌లైన్స్ పేరుతో, వాళ్ల ఫ్లైట్ నంబర్లతో నడుపుతున్నారు. పైలట్లంతా ఒక మ్యాన్‌పవర్ కంపెనీతో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలట. నెలకు 60 గంటలకు గ్యారంటీగా ఇచ్చే జీతం అందులో 40 గంటలకు దిగింది. తోటివాళ్లు అందరూ ఒకేరోజు సిక్ లీవు పెడదామంటున్నారు. మావాడు రాజీనామా చేసి వచ్చేస్తానంటున్నాడు. బాండు డబ్బు మా పొలం మీదికి వస్తుందా?
- ఒక తండ్రి, గుంటూరు జిల్లా (పేరు వద్దన్నారు)

సలహా: ముందు మీ అబ్బాయి పోయిన నెల జీతం స్లిప్పు చూడండి. పైన ఏ కంపెనీ పేరుంది? పీఎఫ్ ఎవరి పేరు మీద కడుతున్నారు? నాకు కావలసిన మొదటి కాగితం అదే.

ఎందుకంటే మీరు రాసిన "అమ్మేశారు" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. పాత యజమానులు తమ షేర్లు అమ్ముకుని ఉంటే చట్టం దృష్టిలో మారిందేమీ లేదు. కంపెనీ అదే, దానితో మీవాడి ఒప్పందమూ అదే. బోర్డు రూములో కుర్చీల్లో మనుషులు మారారు, అంతే. 60 గంటల గ్యారంటీ అలాగే నిలిచి ఉంటుంది. స్లిప్పు మీద పాత పేరే ఉంటే ఎక్కువగా జరిగింది ఇదే అయివుంటుంది.

విమానం రంగు మారినంత మాత్రాన యజమాని మారినట్టు కాదు. పైలట్లతో సహా విమానాన్ని ఇంకో సంస్థకు అద్దెకివ్వడాన్ని వెట్ లీజు అంటారు. ఆ ఒప్పందం రెండు కంపెనీల మధ్యది. అద్దె గిట్టుబాటు కాలేదని మీవాడి జీతంలో కోత పెట్టే హక్కు దానివల్ల రాదు. అమెరికాలో చిన్న ఎయిర్‌లైన్స్ చాలావరకు బతికేదే ఇలాగ. టికెట్టు మీద డెల్టా అనో యునైటెడ్ అనో ఉంటుంది, పైలట్‌కి జీతమిచ్చేది వేరే సంస్థ. అక్కడ పినాకిల్ అనే సంస్థ 2007లో కోల్గన్‌ను, 2010లో మెసాబాను కొని, 2012 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. అందుకే ఇలాంటి సంస్థ చేతులు మారిందంటే పైలట్లకు టెన్షన్ పుట్టడం సహజం. మన దగ్గరా హైదరాబాద్-కడప రూటును 2017లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద మొదలుపెట్టిన ట్రూజెట్, 2022 ఫిబ్రవరికల్లా ఆగిపోయింది.

రెండో సంగతి, షేర్లు కాకుండా వ్యాపారాన్నే, అంటే విమానాలు, రూట్లు, సిబ్బంది అంతా కలిపి వేరే కంపెనీకి అమ్మేసి ఉండడం. దీనిమీద మన సుప్రీంకోర్టు ఇచ్చిన పాత తీర్పు అనకాపల్లి నుంచి వెళ్లిన కేసులోది. విమానాల గొడవకు బెల్లం ఊరి కేసేమిటని నవ్వకండి, ఇప్పటికీ లాయర్లు మొదట తిరగేసేది దాన్నే. అక్కడి చక్కెర ఫ్యాక్టరీని ఒక సహకార సంఘం కొన్నప్పుడు పాత కార్మికుల తగాదా 1962లో సుప్రీంకోర్టు ముందు తేలింది. కొన్నవాడు పాతవాళ్లను తీసుకుతీరాలని లేదు. అమ్మినవాడు మాత్రం రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగంలోంచి తీసేయడం) చేసినట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. సర్వీసు తెగకుండా, పాత షరతులకు తగ్గకుండా, పాత సర్వీసు బాధ్యతతో సహా కొత్తవాడు తీసుకుంటే ఆ పరిహారం ఉండదు. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ ఏర్పాటు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చింది. 60 గంటలు 40 అయితే అది "తగ్గకుండా" కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఈ పరిహారం కార్మికులకే కాబట్టి, "పైలట్ కార్మికుడెలా అవుతాడు, లక్షల జీతం కదా" అని కంపెనీ లాయరు తప్పకుండా అంటాడు. జీతం ఎంతన్నది కాదు, చేసే పని ఏమిటన్నది ముఖ్యం. పైలట్ వర్క్‌మన్ (చట్టం చెప్పే కార్మికుడు) కిందికే వస్తాడని ఢిల్లీ హైకోర్టు చెప్పిన కేసు ఉంది. అందులోనూ మీవాడు కెప్టెన్ కాదు, కో-పైలట్. మనవైపు బలం కాస్త ఎక్కువే.

ఇక ఆ మ్యాన్‌పవర్ కంపెనీ. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది దీని గురించి చదివినప్పుడే. ఉద్యోగి ఒప్పుకోకుండా అతన్ని ఇంకో యజమానికి అప్పగించడం కుదరదు. ఇంఫాల్‌లోని జేఎన్‌యూ సెంటర్‌ను మణిపూర్ యూనివర్సిటీకి ఇచ్చేటప్పుడు అక్కడి అధ్యాపకుణ్ణి కూడా పంపేస్తే, కుదరదని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వీళ్లు మీవాడి చేత సంతకం అడుగుతున్నారు. ఆ సంతకమే వాళ్లకు కావలసిన ఒప్పుకోలు.

సాధారణంగా ఇలాంటి కాంట్రాక్టుల్లో "నేను కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నాను" అని ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది. దానిమీద సంతకం పడితే, మామూలుగా అయిదేళ్లు నిండితేనే వచ్చే గ్రాట్యుటీకి ఈ నాలుగేళ్ల రెండు నెలలు లెక్కలోకి రాకుండా పోతాయి. బాండు పేజీ కూడా చదవండి. "ఈ తేదీ నుంచి" అని ఉంటే, పది నెలల్లో తీరిపోయే బాండు మళ్లీ మొదటికొస్తుంది. దాంతోపాటు మీ దగ్గరికీ ఒక కాగితం వస్తుంది, మళ్లీ ష్యూరిటీ ఉండమని. పెట్టకండి. పాత ఒప్పందం స్థానంలో కొత్తది వస్తే పాతదాన్ని నెరవేర్చే పని ఉండదని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్, ష్యూరిటీకి చెప్పకుండా షరతులు మారిస్తే ఆ తర్వాతి లావాదేవీలకు అతని పూచీ ఉండదని 133వ సెక్షన్ చెబుతున్నాయి. మీరు మళ్లీ సంతకం పెడితే ఈ రక్షణ మీ చేత్తో మీరే తుడిచేసుకున్నట్టు.

స్నేహితుల సిక్ లీవు ప్లాన్‌కు మాత్రం మీవాణ్ణి దూరంగా ఉండమనండి. 2024 ఏప్రిల్‌లో విస్తారా విమాన సంస్థలో సరిగ్గా ఇదే గొడవ, 70 గంటల గ్యారంటీని 40కి దించారని. పైలట్లు సిక్ పెట్టారు, వందకు పైగా విమానాలు రద్దయ్యాయి, అయినా ఆ నవంబరులో ఎయిరిండియాలో విలీనం ఆగలేదు. మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది అదే పని చేస్తే పాతిక మంది దాకా ఉద్యోగాలు పోయాయి. లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరాకగాని వెనక్కి రాలేదు. ఇప్పుడు చట్టం ఇంకా బిగిసింది. సగంమంది గాని అంతకంటే ఎక్కువమంది గాని కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా కొత్త కోడ్ ప్రకారం అది సమ్మే, దానికి 14 రోజుల ముందస్తు నోటీసు ఉండాలి. పైగా ముందు చెప్పకుండా గుంపుగా విమానాలు రద్దయ్యేలా చేస్తే అది ప్రజాప్రయోజనానికి వ్యతిరేకమని విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది. నిజంగా ఒంట్లో బాగోకపోయినా, అలసిపోయినా ఎగరకూడదు, అది వేరు. అప్పుడు ఫెటీగ్ రిపోర్టు రాసి ఇవ్వాలి.

రాజీనామా విషయంలో అంతకంటే గట్టిగా చెబుతున్నాను: కోపంలో మెయిల్ కొట్టొద్దు. మామూలు ఉద్యోగి నోటీసు గడువు పూర్తయ్యేలోపు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. పైలట్‌కి ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ పైలట్ ఒకావిడ నోటీసు నడుస్తుండగా మనసు మార్చుకుంటే, కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు కూడా చిన్నదేం కాదు, కో-పైలట్‌కి ఆరు నెలలు. నోటీసు ఇవ్వకుండా పోయిన 43 మంది పైలట్ల మీద 2023లో ఆకాసా ఎయిర్ విమాన సంస్థ కోర్టుకెక్కింది.

మీవాడు చేయాల్సింది ఇంతే. సంతకం పెట్టకుండా, ఉద్యోగం మానకుండా, హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పంపాలి. "నేను పాత నియామక పత్రం షరతుల మీదే డ్యూటీ చేస్తున్నాను. తగ్గించిన జీతాన్ని అభ్యంతరంతో తీసుకుంటున్నాను. సంస్థలో ఏ మార్పు జరిగిందో రాతపూర్వకంగా తెలపండి" అని మూడు వాక్యాలు చాలు. సర్వీసు షరతులు మార్చాలంటే 21 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే నలుగురైదుగురు కలిసి కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. విమాన సంస్థలు కేంద్రం పరిధిలోవి, రాష్ట్ర ప్రభుత్వ లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి నెల పోగొట్టుకోకండి.

చివరగా మీ పొలం. బాండులో 25 లక్షలని రాసినంత మాత్రాన అంతా రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది పైహద్దు, అందులో సమంజసమైనదే కోర్టు ఇప్పిస్తుంది. అయిదేళ్లలో నాలుగేళ్లకు పైగా పనిచేశాడు, పైగా జీతం తగ్గించి ముందు మాట తప్పింది వాళ్లు. ఈ రెండూ మనకు పనికొస్తాయి. అలాగని బాండు చెల్లదని ధీమాగా ఉండకండి. విజయా బ్యాంకు రాయించుకున్న 2 లక్షల బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లోనే చెప్పింది. ఏదైనా వాళ్లు దావా వేసి, డిక్రీ తెచ్చుకున్నాకే మీ ఆస్తి జోలికి రాగలరు.

చెక్కులే అసలు చిక్కు. ఖాళీగా ఇచ్చినా సంతకం మీదైతే అప్పు ఉన్నట్టే ముందు అనుకుంటారు, లేదని చూపించుకోవలసింది మీరే. బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెడితే సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు, అప్పుడూ 138 కేసు, అంటే చెక్కు బౌన్సు కేసు పెట్టొచ్చు. కాబట్టి ఆ రెండు చెక్కుల నంబర్లు వేసి, "ఇవి బాండుకు సెక్యూరిటీగా ఇచ్చినవి, ఈనాటికి నేను బాకీ ఏమీ లేను, తిరిగి ఇవ్వండి" అని కంపెనీకి రిజిస్టర్ పోస్టు పంపండి, రసీదు దాచండి. చెక్కు బౌన్సయిందని నోటీసు వస్తే 15 రోజుల గడువు ఉంటుంది, ఆలోపే లాయరు చేత జవాబు ఇప్పించాలి.

పైలట్ ట్రైనింగ్ కోసం బ్యాంకు అప్పుకు పొలం తనఖా పెట్టి ఉంటే మాత్రం దానికీ దీనికీ సంబంధం లేదు. కంపెనీ తప్పు ఎంతున్నా ఆ కిస్తీ ఆగదు. రాజీనామా మాట ఎత్తే ముందు ఆ అప్పు కాగితాలు కూడా మీవాడి ముందు పెట్టండి.