స్ట్రాబెర్రీ మీద పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి: సెమిలిగుడ తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. మా తాతల కాలంలో సాలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. కిరాణా కొట్టు నడుపుతున్నాను. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చివరి ఏడాదిలో ఉంది. మా బావమరిది పొట్టంగి దగ్గర అర ఎకరంలో స్ట్రాబెర్రీ వేశాడు. కాపు బాగానే వచ్చింది కానీ, విశాఖ చేరేసరికి చాలా డబ్బాల్లో బూజు పట్టింది. అది చూసినప్పటి నుంచి అమ్మాయి నీట్ మాట ఎత్తనివ్వడం లేదు. ఈ పండు మీదే పరిశోధన చేస్తానంటోంది. ఇలాంటి చదువు ఉందా? రేపు ఉద్యోగం వస్తుందా? ఒడిశాలో చదివించాలా, ఆంధ్ర పంపాలా?

జవాబు: అయ్యా, ముందు మీరు రాయని ఒక విషయం అడగాలి. అమ్మాయికి బయాలజీతో పాటు మ్యాథ్స్ కూడా ఉందా? ఒడిశాలో ప్లస్ టూ సైన్స్ పిల్లలు చాలామంది రెండూ తీసుకుంటారు. ఉంటే ఆమె ముందు అన్ని దారులూ తెరిచి ఉన్నట్టే. లేకపోతే ఒక ముఖ్యమైన దారి ఇప్పుడే మూసుకుపోతుంది. అదేమిటో కింద చెబుతాను.

చదువు ఉంది. మీ అమ్మాయి చూసిన ఆ బూజు డబ్బా మీదే దేశదేశాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లున్నారు. స్ట్రాబెర్రీ మామిడిలా కోశాక మగ్గే పండు కాదు. చెట్టున ఎంత పండితే అంతే, ఆ తర్వాత తీపి పెరగదు. అందుకే ముప్పావు వంతుకు పైగా ఎరుపెక్కాకే కోయాలి. అప్పటికే పండు మెత్తగా ఉంటుంది, తొక్క పలచన, తొంభై శాతం దాకా నీరే. ఇక మీరు చూసిన బూడిదరంగు బూజు బొట్రైటిస్ అనే శిలీంధ్రం. చాలాసార్లు అది డబ్బాలోకి కొత్తగా వచ్చి చేరదు. పువ్వు దశలోనే మొక్కకు పట్టి, పండు మెత్తబడేదాకా కనపడకుండా ఉంటుంది. సాలూరు వైపు దిగే సుంకి ఘాట్ రోడ్డు మలుపుల్లో పండ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కాస్త నలిగితే చాలు, దానికి అవకాశం దొరుకుతుంది. ఒక పండు నుంచి పక్క పండుకు పాకుతుంది.

దీనికి సైన్స్ చెప్పే మందు చలి. కోసిన గంటలోపే పండును చల్లబరచడం మొదలుపెట్టాలి. సున్నా డిగ్రీల దగ్గర, గాలిలో 90 నుంచి 95 శాతం తేమతో ఉంచితే సుమారు వారం నిలుస్తుంది. ఆ చలిలో కూడా బొట్రైటిస్ చావదు, నెమ్మదిస్తుంది, అంతే. అందుకే డబ్బా లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను 10 నుంచి 20 శాతానికి పెంచి బూజును అణచే పద్ధతి వచ్చింది. పండు మీద పలచని తినదగిన పూత వేయడం ఇంకో పద్ధతి. ఆ పూతకు వాడే కైటోసాన్ రొయ్య పొట్టు నుంచి తయారవుతుంది. ఒకపక్క విశాఖ తీరంలో రొయ్య పొట్టు, ఇంకోపక్క కోరాపుట్ కొండల మీద పండు. ఈ రెంటినీ కలిపి ఆలోచించే పిల్ల ఒక్కతి మన వైపు నుంచి వస్తే బాగుండునని నాకు నిజంగా ఉంది.

ఇదంతా నిల్వకు సంబంధించిన శాఖ, దీన్ని పోస్ట్ హార్వెస్ట్ టెక్నాలజీ అంటారు. దీనికి ముందొకటి, తర్వాతొకటి ఉన్నాయి. ముందున్నది పెంపకం. మనం తినే స్ట్రాబెర్రీ మొక్కలో క్రోమోజోములు ఎనిమిది జతలు కాదు, ఎనిమిది సెట్లు, మొత్తం 56. దాని పూర్తి జన్యుపటం 2019లో గానీ బయటికి రాలేదు. కాబట్టి కొత్త రకాలు తయారుచేసేవాళ్లకు పని తరగదు. మన రైతుకు అంతకంటే దగ్గరి సమస్య మొక్కలు. వింటర్ డాన్, కామరోసా లాంటి రకాలు బయట దేశాల్లో పుట్టినవి. మనవైపు రైతులు మొక్కల కోసం మహారాష్ట్ర నర్సరీల మీద ఆధారపడుతుంటారు. పొట్టంగి ఎత్తులో రోగం లేని తీగ మొక్కలు ఇక్కడే పెంచుకోగలమా అన్నది మంచి పీహెచ్‌డీ ప్రశ్న.

చివరిది ప్రాసెసింగ్. జామ్ రంగు ఎరుపు నుంచి గోధుమలోకి ఎందుకు తిరుగుతుంది, దాన్నెలా ఆపాలి లాంటివి ఈ శాఖలో పెద్ద విషయాలు. మన ఆహార నిబంధనల్లో మామూలు జామ్‌కు పండు కనీసం 45 శాతం ఉండాలి, స్ట్రాబెర్రీకి మాత్రం 25 చాలు. జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ ఈ పండులో తక్కువ కాబట్టి దాన్ని విడిగా కలుపుతారు. నలిగిన పండుకు కూడా ధర తెచ్చేది ఈ శాఖే.

ఇప్పుడు మ్యాథ్స్ సంగతి. ప్రాసెసింగ్ వైపు నేరుగా వెళ్లాలంటే ఫుడ్ టెక్నాలజీ బీటెక్ బాగుంటుంది. కుండ్లీ, తంజావూరుల్లోని నిఫ్టెమ్ అనే కేంద్ర ఆహార సాంకేతిక సంస్థలు జేఈఈ మెయిన్ ర్యాంకుతో సీట్లిస్తాయి. మ్యాథ్స్ లేకపోతే అది కుదరదు. పెంపకానికి, నిల్వకు మాత్రం బీఎస్సీ హార్టికల్చర్ లేదా అగ్రికల్చర్ చాలు, బయాలజీ పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. నాలుగేళ్లు అక్కడ చదివి, ఎమ్మెస్సీలో ఫ్రూట్ సైన్సో పోస్ట్ హార్వెస్టో ఎంచుకోవచ్చు. నా మాట అడిగితే మీ అమ్మాయికి ఈ రెండోదే చెబుతాను. ఆమెను కదిలించింది పొలంలో కాసిన పండు దారిలో పాడైపోవడం. ఆ బాధ ఉన్నవాళ్లకు ముందు మొక్క తెలియాలి, తర్వాత మెషీన్ నేర్చుకోవచ్చు.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ‘స్ట్రాబెర్రీ శాస్త్రవేత్త’ అనే పోస్టు ఏ నోటిఫికేషన్‌లోనూ కనబడదు. పోస్టులుండేది ఫ్రూట్ సైన్స్‌కు, ఫుడ్ టెక్నాలజీకి. అసలు పరిశోధన కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, ఆపైన మూడు నాలుగేళ్ల పీహెచ్‌డీ. అంటే దాదాపు పదేళ్లు. ఆ తర్వాత భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) శాస్త్రవేత్తల పరీక్ష, లేదా యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పోటీ గట్టిగా ఉంటుంది. పీజీ, పీహెచ్‌డీ దశల్లో ఫెలోషిప్ వస్తే మీ మీద భారం తగ్గుతుంది. మధ్యలో ఆగినా దారి లేకుండా పోదు. డిగ్రీతోనే ఒడిశాలో అసిస్టెంట్ హార్టికల్చర్ ఆఫీసర్ పోస్టుకు పోటీ పడొచ్చు. పీజీతో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, ప్రైవేటులో నర్సరీలు, కోల్డ్ చైన్, జామ్ కంపెనీలున్నాయి. పైగా స్ట్రాబెర్రీ మీద నేర్చిన నిల్వ విద్య పొట్టంగి అల్లానికి, కొండ మీది అనాసకు, కూరగాయలకు కూడా పనికొస్తుంది. పండు పేరు చూసి టెన్షన్ పడకండి.

ఈలోగా ఇంట్లోనే ఆమెను పరీక్షించుకోనివ్వండి. మామయ్య తోటలో ఒకే వరుస నుంచి, ఒకే పూట కోసిన పండ్లు రెండు డబ్బాలు తీసుకోమనండి. కడగొద్దు. ఒకటి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండోది నాలుగు గంటలు నీడలో ఉంచి అదే ఫ్రిజ్‌లో పెట్టాలి. రోజూ ఉదయం ఒక్కో డబ్బాలో ఎన్ని పండ్లు పాడయ్యాయో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వారంపాటు మానకుండా రాసి, ‘ఇంకో నాలుగు డబ్బాలతో చూస్తాను, రెండింటితో ఏం తేలుతుంది’ అందంటే నిశ్చింతగా పంపండి. మూడో రోజుకే మరిచిపోయిందంటే కోప్పడకండి, నీట్ గురించి ఇంకోసారి కూర్చుని మాట్లాడండి. అలాగే మీ ఊళ్లోనే వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. పొట్టంగిలో ఎత్తు ప్రాంతాల పరిశోధన కేంద్రం ఉంది. ఒకపూట కొట్టు ఎవరికైనా అప్పజెప్పి అమ్మాయిని తీసుకెళ్లండి. శాస్త్రవేత్త రోజంతా ఏం చేస్తారో కళ్లారా చూస్తే ఆమెకే తెలుస్తుంది.

ఆంధ్రా, ఒడిశానా అంటే, ఒడిశాయే. ఆంధ్రలో లోకల్ కోటా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి ఉంటుంది, మీ అమ్మాయికి ఆ లాభం దక్కడం కష్టం. వెంకటరామన్నగూడెంలోని హార్టికల్చర్ యూనివర్సిటీ మంచిదే, పీజీకి ఆలోచించండి. డిగ్రీకి భువనేశ్వర్ వ్యవసాయ యూనివర్సిటీ కింద చిప్లిమాలో హార్టికల్చర్ కాలేజీ, భవానీపట్నలో అగ్రికల్చర్ కాలేజీ ఉన్నాయి. పర్లాకిమిడిలో ప్రైవేటు యూనివర్సిటీ కూడా ఉంది, ఫీజు కనుక్కుని, వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు చూసుకుని వెళ్లండి. జాతీయ స్థాయి సీట్లకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయించండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా రావడం ఆమెకు పెద్ద బలం, ఎందుకంటే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం తప్పనిసరి. ఇక తహసీల్దారు ఆఫీసులో రెసిడెంట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడే అప్లై చేయండి. రిజల్ట్స్ వచ్చాక అక్కడ రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.