విప్పే ముందు నడపండి

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులు రాస్తున్నాను. నా దగ్గర 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ పదకొండేళ్లుగా ఉంది. ఇక్కడ చెప్పేదాంట్లో సగం దాని కింద పడుకుని నేర్చుకున్నదే.

ప్రశ్న: ఏడాదిగా ఎంజీబీ కోసం వెతుకుతున్నాను. ఇప్పుడొకటి దొరికింది. 1972 మోడల్, ఎర్ర రంగు. పెయింట్ అద్దంలా ఉంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: మీరు చెప్పిన రెండు గుణాలూ నన్ను తొందరపెట్టవు. పెయింట్ మేడిపండు లాంటిది. ఇంజిన్ చెడినా బాగుచేసుకోవచ్చు. 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్‌కి పిస్టన్ నుంచి వాషర్ దాకా ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. మన డబ్బుని మింగేది బాడీ.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. రోడ్‌స్టర్‌కైతే పైకప్పు కూడా లేదు. అందుకని కారు బలమంతా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రెండు సిల్లుల్లోనే ఉంటుంది. ఒక్కో సిల్లులో బయట, మధ్య, లోపల అని మూడు రేకులు. మనకు కనబడేది బయటిదొక్కటే. ముందు చక్రం విసిరే బురద మడ్‌గార్డ్ వెనక మూలలో పేరుకుని, తడి ఆరక, లోపలి రేకుల్ని తినేస్తూ ఉంటుంది. బయట మాత్రం ఎర్ర రంగు మెరుస్తూనే ఉంటుంది. కుళ్లిన సిల్లు మీదే కొత్త రేకు తొడిగి అమ్మిన కార్లు నేను కళ్లారా చూశాను.

వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, మెత్తని గుడ్డ, టార్చి తీసుకెళ్లండి. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్లు పొడవునా జరపండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత తలుపుకీ వెనక మడ్‌గార్డ్‌కీ మధ్య ఉన్న సందు చూడండి. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. ఓనరు ఒప్పుకుంటే సిల్లు దగ్గరి జాకీ పాయింట్ మీద కారుని లేపి, తలుపు తెరిచి మళ్లీ వేయండి. నేల మీద ఎలా పడిందో అలాగే పడాలి. రాసుకున్నా, గొళ్లెం అందకపోయినా కారు నడుం వంగుతోందని అర్థం. అప్పుడు దండం పెట్టి వచ్చేయండి. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు చేసింది, మీకు ఇంకోటి దొరుకుతుంది. బాడీ పూర్తిగా పోయిన కారుకి కూడా దారి లేకపోలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు అసలు అచ్చులతోనే 1988 నుంచి కొత్త బాడీలు చేస్తున్నారు. కానీ మొదటి కారుకే అంత ఖర్చు నెత్తిన పెట్టుకోవద్దు.

సిల్లులు గట్టిగా ఉంటే కొనేయండి. కొన్నాక మొదటి వేసవి అంతా ఏమీ విప్పకుండా నడపండి. ఏ గేర్ మొరాయిస్తుందో, ఏ మలుపులో ఏం మోగుతుందో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఎంజీబీకి బంకులో దొరికే మామూలు ఈ10 పెట్రోలు పోయొచ్చా?

జవాబు: వద్దు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోలు ఈ10 అయింది. అందులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది, పైగా గాలిలోని తేమని లాక్కుంటుంది. ఇథనాల్ 5 శాతం దాకే ఉండే సూపర్ రకం ఈ5 పోయండి. ఏం పోసినా పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్చండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం చిన్న విషయం కాదు. సీసం సంగతంటారా, ఈ ఇంజిన్లు సీసం కలిపిన పాత పెట్రోలు కోసం చేసినవి. అందుకని సిలిండర్ హెడ్ విప్పాల్సి వచ్చినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. అప్పటిదాకా సీసానికి బదులు పెట్రోల్లో కలిపే ద్రవం వాడితే సరిపోతుంది.

ప్రశ్న: నాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం దగ్గి, ఆ తర్వాత పరిగెడుతుంది. మెకానిక్ రెండూ కొత్తవి కొనమంటున్నాడు.

జవాబు: కొనకండి. స్పిట్‌ఫైర్ బానెట్ మొత్తం ముందుకి వాలుతుంది కాబట్టి ముందు చక్రం పక్కన హాయిగా నిలబడి చూసుకోవచ్చు. కార్బొరేటర్ మీద గంటలా నిలబడ్డ అల్యూమినియం భాగం కనిపిస్తుంది కదా, దాని నెత్తిన ఉన్న మూత తిప్పి పైకి లాగండి. మూతకి వేలాడుతూ సన్నని కడ్డీ వస్తుంది. అది పొడిగా ఉందా? దగ్గుకి కారణం చాలావరకు అదే. లోపల పిస్టన్ ఉంటుంది. మనం యాక్సిలరేటర్ నొక్కగానే అది ఎగిరిపోకుండా ఆ కడ్డీ చుట్టూ ఉండాల్సిన నూనె ఆపుతుంది. నూనె లేకపోతే పిస్టన్ చటుక్కున లేచి, గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజిన్ దగ్గుతుంది. 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా పోస్తూ కడ్డీని దించి చూడండి. మూత మర పట్టడానికి ఇంకా పావు అంగుళం ఉండగానే చేతికి బరువు తగలాలి. అంతే చాలు.

దగ్గు పోకపోతే వాల్వుల సందు, స్పార్కు పుట్టించే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు, స్పార్కు టైమింగ్ వరసగా సరిచేయండి. ఈ మూడూ సరిగ్గా లేనప్పుడు కార్బొరేటర్‌ని ఎంత తిప్పినా ఫలితం ఉండదు. చివరగా ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కో కార్బొరేటర్ పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు పైకి లేపి చెవి పెట్టండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. తగ్గిపోయి ఆగబోతే పెట్రోలు తక్కువ. ఒక్క పిసరు పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఆ ఒక్క పిసరు వినడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మొదటిసారి వినిపించినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది.

ప్రశ్న: మా ట్రయంఫ్ టీఆర్6లో ఇండికేటర్ వేస్తే వెనక ఎర్ర లైటు కూడా దానితో పాటే మినుకుమంటోంది. వైరింగ్ మొత్తం మార్చాలా?

జవాబు: అక్కర్లేదు, ఒక్క నల్ల వైరు చూడండి. ఈ కార్లన్నింటిలో వైర్లకు, కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వాళ్ల రంగులే ఉంటాయి. బ్రౌన్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, మధ్యలో ఫ్యూజు ఉండదు. తెల్లది ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చది ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నల్లది ఎర్త్. ఎర్త్ దగ్గర తుప్పు ఉంటే కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది, అందుకే రెండూ మినుకుమంటాయి. ఆ లైటు నల్ల వైరు బాడీకి బిగిసే చోట స్క్రూ తీసి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించండి.

ఇంకో మాట, ఇది 1967కి ముందటి ఎంజీబీ ఉన్నవాళ్లకి. మన కార్లు పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిసి ఉంటుంది. ఈ కాలపు రేడియోలు దీనికి తిరగబడి, నెగటివ్ ఎర్త్‌కి చేసినవి. బిగించే ముందు తప్పకుండా గుర్తుంచుకోండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఉత్సాహం కొద్దీ ఎంజీబీ మొత్తం విప్పేశాను. ఇప్పుడు గ్యారేజీ నిండా డబ్బాలే. అటు వెళ్లాలంటేనే టెన్షన్. మా ఆవిడ అమ్మేయమంటోంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎందుకంటే నేనూ అక్కడిదాకా వెళ్లొచ్చాను. సిల్లులు మార్పించడానికి బాడీని ఒక వెల్డర్ దగ్గరికి పంపేటప్పుడు బరువు తగ్గుతుందని తలుపులు విప్పేశాను. ఆయన రెండు వైపులా ఒకేసారి కోశాడు. తిరిగొచ్చాక తలుపు పెడితే పట్టలేదు, వేలు మందం తేడా. సిల్లు వెల్డింగ్ చేసేటప్పుడు తలుపులు వాటి స్థానంలో ఉండాలి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టాలి. ఆ సంగతి తెలియక ఒక చలికాలం మొత్తం పోయింది. గ్యారేజీ తలుపు తీయడం మానేశాను.

అప్పుడు నన్ను కాపాడింది ఒక్క వైపర్ మోటారు. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్తది రాసి, బ్యాటరీ తగిలిస్తే గిర్రున తిరిగింది. మర్నాడు ఇంకో డబ్బా తెరిచాను.

ఇప్పుడే అమ్మకండి. విడిభాగాలుగా ఉన్న కారుకి ఎవరూ సరైన ధర ఇవ్వరు. మిగతా డబ్బాలన్నీ పక్కన పెట్టి సస్పెన్షన్, బ్రేకులవి మాత్రం తీయండి. ముందు బాడీని తన చక్రాల మీద నిలబెట్టండి. తోస్తే కదిలే కారు కళ్లకి కారులా కనిపిస్తుంది. ఎలాగూ బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. ఆ రోజు మీ ఆవిడని పెడల్ దగ్గర కూర్చోమనండి. మెత్తగా దిగిపోయే పెడల్ కాలి కింద గట్టిపడిందని మీకంటే ముందు ఆవిడే చెబుతుంది.